చరిత్ర సర్దబోయి పోగొట్టిన లైను

కంప్యూటర్ ఉద్యోగాల్లో కొత్తగా చేరిన పిల్లలు అప్పుడప్పుడు ఏలూరులో మా ఇంటికి వస్తుంటారు. ఈ పనిలో ముసలివాడినైపోయినవాణ్ణి ఊరు మొత్తానికి నేనొక్కణ్ణే అనుకుంటారు కాబోలు. "ఏ లాంగ్వేజి నేర్చుకోమంటారండి?" అని అడుగుతారు. ఏదైనా ఒకటేనంటే మొహాలు చిన్నబుచ్చుకుంటారు. కాఫీ తాగి వెళ్లిపోతారు.

నేను చెప్పదలచుకున్నది వేరే ఉంది. ప్రోగ్రాం రాయడం మన పనిలో సగమే. రాసినదాన్ని ఎవరు మార్చారో, ఎప్పుడు మార్చారో, ఎందుకు మార్చారో భద్రంగా దాచుకోవడం మిగతా సగం. ఆ రెండో సగంలో నేను చేసిన తప్పు వల్ల ఒక అమ్మాయి ఉద్యోగం పోయినంత పనైంది. అంతకంటే ముఖ్యంగా, నిజం చెబుతున్న ఆ పిల్లను నేనే అబద్ధాలకోరును చేశాను. ప్రమోషన్లూ సన్మానాలూ నాకు పెద్దగా లేవు. ఉన్న ఒకటి రెండింటి గురించి రాయడం దండగ. ఈ సంగతి మాత్రం రాయాలి.

ఫైనల్, అసలు ఫైనల్

నేను పనిలో చేరిన తొలి రోజుల్లో ప్రోగ్రాం చరిత్ర అంటే ఫ్లాపీల పెట్టె. ఒకదాని మీద "ఫైనల్" అని రాసి ఉండేది. ఇంకోదాని మీద "కొత్త ఫైనల్". మూడోదాని మీద ఎర్ర సిరాతో "అసలు ఫైనల్, ముట్టుకోవద్దు". ముట్టుకోవద్దన్నదాన్నే అందరూ ముట్టుకునేవాళ్లు. ఏది నిజంగా ఆఖరుదో తేల్చడానికి ఒక పూట పట్టేది.

నాకు స్వతహాగా సర్దుడు జబ్బు ఉంది. చిందరవందరగా ఉన్న బల్ల చూస్తే ఊపిరాడదు. "మీరు బీరువా సర్దారంటే ఇక అందులో ఏదీ దొరకదు" అని మా ఆవిడ ఇప్పటికీ దెప్పుతుంది. ఆ మాటకు నేను నవ్వి ఊరుకునేవాణ్ణి. నిజానికి నవ్వాల్సిన మాట కాదు.

రెండు వేల దశకం చివరికొచ్చేసరికి నేను ఏలూరులో ఒక చిన్న సాఫ్ట్‌వేర్ ఆఫీసులో సీనియర్‌ని. యజమాని ప్రసాద్ గారు ఇంజనీరింగ్ చదివిన మనిషి. కోపం వచ్చినంత వేగంగానే పోయేది, కానీ వచ్చినప్పుడు అన్న మాటలు మాత్రం విన్నవాళ్ల దగ్గరే ఉండిపోయేవి. ఆయన ఇల్లు తాడేపల్లిగూడెంలో. అక్కడ ఇంటి ముందు గదిలో రెండో ఆఫీసు పెట్టి, హరిబాబు అనే కుర్రాణ్ణి ఒక్కణ్ణే కూర్చోబెట్టారు. రెండు ఆఫీసుల మధ్య ఇంటర్నెట్ ఉన్నట్టే ఉండేది కానీ పని చేసేది కాదు. అందుకని హరి తన పనిని పెన్‌డ్రైవ్‌లో వేసుకుని వారానికి రెండుసార్లు బస్సెక్కి వచ్చేవాడు. ఉంగుటూరు దగ్గర బస్సు ఆగిపోయిందంటే మా సాఫ్ట్‌వేర్ కూడా అక్కడే ఆగిపోయిందన్నమాట.

ఇలాంటి చోటికి గిట్ అనే పద్ధతిని తెచ్చింది సునీత. గుండుగొలను అమ్మాయి. తండ్రి మిషన్ స్కూల్లో లెక్కల మాస్టారు. అప్పటికి చేరి నెలే, ప్రొబేషన్ ఇంకా అయిదు నెలలు మిగిలి ఉంది. నెట్ లేకపోయినా ఎవరి కంప్యూటర్‌లో వాళ్ల దగ్గర మొత్తం చరిత్ర ఉంటుందని, పెన్‌డ్రైవ్ మీద తెచ్చినా కలుపుకోవచ్చని ఆ పిల్లే మాకు చూపించింది. యాభై దాటిన నాకు పక్కన కూర్చుని ఓపిగ్గా నేర్పింది. నేను అడిగిందే అడిగినా, "ఆయ్, చెప్తానండి" అనేది తప్ప విసుక్కునేది కాదు.

అడుగులూ మీటర్లూ

అప్పుడు మేం చేస్తున్నది కొల్లేరు వైపు చేపల చెరువుల కోసం. రైతులు సీసాల్లో చెరువు నీళ్లు తెచ్చి ఏలూరులో ఒక ల్యాబ్‌లో ఇస్తారు. పరీక్ష చేశాక, ఏ మందు ఎంత వేయాలో మా ప్రోగ్రాం లెక్కకట్టి చీటీ తీస్తుంది. లెక్కకు చెరువు విస్తీర్ణం, లోతు కావాలి.

తొలి ప్రోగ్రాంలో లోతు మీటర్లలో అడిగేది. రాసింది నేనే. పుస్తకాల్లో అలాగే ఉందని రాశాను. కొల్లేరు రైతు లోతు చూసేది గాట్లు పెట్టిన వెదురు గెడతో. గెడ మీద ఉండేవి అడుగులు. ఆయన "నాలుగండి" అంటాడు, ల్యాబ్ వాళ్లు నాలుగు అని కొట్టేస్తారు, ప్రోగ్రాం నాలుగు మీటర్లనుకుంటుంది. ఒకటి రెండు చీటీలు అలా తప్పుగా వచ్చి, ల్యాబ్ వాళ్లే కనిపెట్టి ఆపారు. దాంతో ప్రోగ్రాం అంతటా లోతును అడుగుల్లోకి మార్చే పని హరికి ఇచ్చాం. ఉన్న లెక్కలన్నీ అతను జాగ్రత్తగా మార్చాడు.

సరిగ్గా ఆ రోజుల్లోనే ఏలూరులో సునీత ఒక కొత్త మందుకి లెక్క రాస్తోంది. తన దగ్గరున్న ప్రోగ్రాం పాతది కాబట్టి లోతు మీటర్లలో వస్తుందనే రాసింది. ఇద్దరిదీ తప్పు కాదు. ఎవరి కాపీ మీద వాళ్లు, గిట్ భాషలో ఎవరి కొమ్మ మీద వాళ్లు, సరిగ్గానే పని చేశారు.

హరి పెన్‌డ్రైవ్ తెచ్చాడు. రెండు కొమ్మల్నీ కలపడాన్ని మెర్జ్ అంటారు. ఒకే లైనును ఇద్దరూ మార్చి ఉంటే గిట్ ఆగి, ఎవరిది ఉంచమంటారని అడుగుతుంది. ఇక్కడ ఇద్దరూ మార్చింది వేర్వేరు ఫైళ్లు. గిట్ కిక్కురుమనకుండా కలిపేసింది. ఇప్పుడు హరి మార్పు వల్ల లోతు అడుగుల్లో వస్తుంది, సునీత లెక్కేమో దాన్ని మీటర్లనుకుంటుంది. మందు మూడింతలకు పైనే చూపిస్తుంది.

దాన్ని సునీత పట్టుకుంది. కలిపాక ఊరుకోకుండా ఒక చీటీ తీసి చూసింది. అంకె నచ్చలేదు. మెర్జ్‌ను ఖాయం చేసే ముందే తన లెక్కలో అడుగుల్ని మీటర్లు చేసే ఒక లైను చేర్చి, అప్పుడు ఖాయం చేసింది. అంటే ఆ లైను హరి ఖాయం చేసిన మార్పుల్లో, కమిట్లంటాం, వాటిలోనూ లేదు, సునీత మామూలు కమిట్లలోనూ లేదు. రెండూ కలిసిన చోట, ఆ మెర్జ్ కమిట్‌లో మాత్రమే ఉంది. ఇది గుర్తుపెట్టుకోండి, కథంతా ఇక్కడే ఉంది.

నా సర్దుడు

కొన్నాళ్లకు హైదరాబాద్ నుంచి ఒక పెద్ద కంపెనీ వాళ్లు మా ప్రోగ్రాం కొనే ఉద్దేశంతో కోడ్ చూస్తామన్నారు. ప్రసాద్ గారు, "మూర్తి గారూ, లోపల అంతా శుభ్రంగా ఉందాండి?" అని అడిగారు.

చరిత్ర తెరిచి చూశాను. సంత. "టెస్టు", "మళ్లీ టెస్టు", "ఇదైనా పనిచేస్తే బావుణ్ణు" అని కమిట్లకు పేర్లు. హరిది ఒకటి "బస్సు టైమైంది". పెన్‌డ్రైవ్ వచ్చిన ప్రతిసారీ ఒక మెర్జ్, కొమ్మలు అడ్డదిడ్డంగా అల్లుకుపోయి ఉన్నాయి. నా జబ్బు తిరగబెట్టింది.

గిట్‌లో రీబేస్ అని ఒక ఆదేశం ఉంది. పాత కమిట్లను ఒక్కొక్కటే తీసి, ఒకదాని వెనక ఒకటి తిరిగి పేర్చుకుంటూ పోతుంది. కొమ్మలు పోయి ఒకే తిన్నని గీత మిగులుతుంది. రెండు రోజులు కూర్చుని చేశాను. పిచ్చి పేర్లు తీసేసి మంచి పేర్లు పెట్టాను. మధ్యలో రెండు మూడు చోట్ల ఆగి అడిగితే జవాబిచ్చాను. పూర్తయ్యాక చూసుకుంటే కళ్లకు పండగలా ఉంది.

నాకు అప్పుడు తెలియని సంగతి ఒకటుంది. రీబేస్ మామూలు కమిట్లనే తిరిగి పేరుస్తుంది. మెర్జ్ కమిట్లను వదిలేస్తుంది. ఎటూ ఒకే గీత అయ్యాక కలపడానికేముంది అని దాని లెక్క. కానీ మెర్జ్‌లో ఒక మనిషి చేత్తో చేర్చిన పని ఉంటే, అది కూడా ఆ మెర్జ్‌తో పాటే పోతుంది. లైన్లు ఢీకొన్న చోట మళ్లీ అడుగుతుంది కాబట్టి తెలుస్తుంది. ఢీకొనని చోట అడగదు. సునీత లైను అలా పోయింది. మెర్జ్‌లను అట్టేపెట్టమని చెప్పే మాట ఒకటి ఆ రోజుల్లోనూ ఉండేది, కానీ అది కూడా మెర్జ్‌ను మొదటి నుంచి మళ్లీ చేస్తుందే తప్ప అందులో మనం చేత్తో దిద్దింది తెచ్చిపెట్టదు.

అంతటితో ఆగానా? సర్వర్ మీద పాత చరిత్ర తీసేసి కొత్తది పెట్టాను. నా దగ్గరున్న పాత కాపీ కూడా చెత్త ఎందుకని తీసేశాను. అందర్నీ పాతవి తీసేసి కొత్తది తెచ్చుకోమన్నాను.

"సార్, పాతది ఒక పక్కన ఉంచుకుందామాండి?" అంది సునీత.

"ఇల్లు కడిగాక కడిగిన నీళ్లు దాచుకుంటామా అమ్మా?" అన్నాను. ఆఫీసంతా నవ్వింది. ఆ పిల్ల కూడా నవ్వి, తన కాపీ తీసేసింది.

శీలావతి పిల్లలు

కొత్త ప్రోగ్రాం ల్యాబ్‌కి వెళ్లింది. కొత్త మందు చీటీ మొట్టమొదట అందుకున్నది దెందులూరు వైపు రైతు సత్యం గారు. ఆయనది చిన్న నర్సరీ చెరువు, నాలుగు అడుగుల నీళ్లు, అందులో శీలావతి చేప పిల్లలు. చీటీ చూసి, "ఇంత మందా అండీ?" అని అడిగారట. ల్యాబ్‌లో కుర్రాడు "కంప్యూటర్ చెప్పిందండి" అన్నాడట. మనుషులు అడిగిన మంచి ప్రశ్నలెన్నింటి నోరో ఆ ఒక్క మాట నొక్కేసింది.

పొద్దున మందు చల్లారు. మధ్యాహ్నానికి పిల్లలన్నీ పైకి తేలాయి.

ప్రసాద్ గారూ నేనూ వెళ్లేసరికి సత్యం గారు గట్టు మీద గొంతుక్కూర్చుని ఉన్నారు. ఏడవలేదు, అరవలేదు. నీళ్లకేసి చూస్తున్నారు. అంత దిగులు ఒక మనిషి వీపులో కనిపించడం నేను అంతకు ముందు చూడలేదు. ల్యాబ్‌కి ఫోన్ చేసి చీటీలు ఆపించాం, పాత ప్రోగ్రాం వేయించాం. ఇంకో చెరువుకి ఆ మందు వెళ్లకపోవడం మా అదృష్టం.

ఆఫీసుకొచ్చి లెక్క తెరిచాం. ఫైలు మీద పేరు సునీతది. లోతును మీటర్లనుకుంది. ఎక్కడా మార్చలేదు.

"నేను సరిచేశానండి. హరి పెన్‌డ్రైవ్ తెచ్చిన రోజు, కలిపేటప్పుడు చూసుకుని మార్చానండి" అంది సునీత.

చరిత్ర అంతా వెతికాను. ఆ మార్పు లేదు. ఉండదు మరి. నేనే కదా సర్దింది. కానీ ఆ క్షణాన నాకు ఆ ఊహే రాలేదు. నేను సర్దిన చరిత్ర మీద నాకు అంత నమ్మకం.

"రికార్డులో లేదు కదమ్మా" అన్నాను.

"చేశానండి సార్. చీటీ తీసి చూశానండి కూడా."

"చేద్దామనుకుని మర్చిపోయుంటావు. రికార్డు అబద్ధం చెప్పదు" అన్నాను.

ఈ మాట అన్నది ప్రసాద్ గారు కాదు, నేను. ఆయన అన్నది వేరే. తప్పు చేసినా క్షమిస్తాను గానీ అబద్ధాన్ని క్షమించనన్నారు. మర్నాడు సత్యం గారు ఆఫీసుకొస్తే సునీతను చూపించి, "లెక్క రాసింది ఈ అమ్మాయేనండి" అన్నారు. ఆయన తన కడుపుమంట అంతా ఆ పిల్ల మీద వెళ్లగక్కారు. ఆ అమ్మాయి తల వంచుకునే ఏదో చెప్పింది. ఎవరూ వినిపించుకోలేదు. నిర్ణయం తీసుకునే దాకా ఆఫీసుకు రావద్దన్నారు ప్రసాద్ గారు. నెలాఖరుకి ప్రొబేషన్ రద్దు చేసి ఉత్తరం ఇచ్చేద్దామన్నారు. నేను కాదనలేదు. ఆ పిల్ల టిఫిన్ డబ్బా సంచిలో పెట్టుకుని మెట్లు దిగుతుంటే నాకు జాలేసింది. ఏం లాభం, జాలేసినంత మాత్రాన నోరు విప్పలేదు.

గూడెంలో పాత కాపీ

అయిదారు రోజుల తర్వాత తాడేపల్లిగూడెం వెళ్లాను. అక్కడ హరి కంప్యూటర్ మానిటర్ పోయి చాలా రోజులైంది. హరి ఏలూరులోనే పని చేస్తున్నాడు. బాగుచేసిన మానిటర్‌ను ఆటోలో వేసుకుని ఇద్దరం వెళ్లాం. తగిలించి తెరవగానే హరి నాలుక్కరుచుకున్నాడు.

"తిట్టకండి సార్. ఇందులో పాత కాపీ తియ్యలేదండి. తీద్దామంటే మానిటర్ లేదు కదండీ."

తిట్టడానికే నోరు తెరిచాను. తెరిచినవాణ్ణి అలాగే ఉండిపోయాను. పాత చరిత్ర. అడ్డదిడ్డపు కొమ్మలన్నీ ఉన్నాయి. "బస్సు టైమైంది" కూడా ఉంది.

కొత్తదాన్ని పక్కన తెచ్చిపెట్టి, పాతదాని చివరి రూపానికీ కొత్తదాని చివరి రూపానికీ తేడా చూపించమన్నాను. ఒక్క ఆదేశం. ఏ తేడా రాకూడదు. ఒక లైను తేడా వచ్చింది. అడుగుల్ని మీటర్లు చేసే లైను. ఎక్కడుందని వెతికితే మెర్జ్ కమిట్‌లో, సునీత పేరు మీద.

హరి నా మొహంలోకి చూడకుండా, "సునీత చెప్పింది నిజమేనండి" అన్నాడు.

ఇరవై ఏళ్ల పైబడిన సర్వీసులో ఎన్నో తప్పులు చేశాను, కానీ సిగ్గుతో ఒళ్లంతా చెమట పట్టింది మాత్రం అప్పుడే. ఈ పనిలో కొత్తగా చేరిన పిల్లల కోసం చెబుతున్నాను: చరిత్రను తిరగరాయడం పాపం కాదు. అవసరమై రాస్తారు. కానీ ముందు పాతదానికి ఒక గుర్తు పెట్టి అట్టేపెట్టండి. అయ్యాక పాత చివరికీ కొత్త చివరికీ తేడా చూడండి. మెర్జ్‌లలో మనుషులు చేత్తో ఏమైనా చేర్చారేమో ఒక్కొక్కటే తెరిచి చూడండి. వీలైతే అలాంటి దిద్దుబాటును మెర్జ్‌లో ఇరికించకుండా దాని తర్వాత విడిగా ఒక కమిట్‌గా పెట్టమని చెప్పండి. కమిట్లకు మంచి పేర్లు పెట్టడం మాత్రమే కావాలంటే కొమ్మల్ని ముట్టుకోకుండా పేర్లు మార్చే దారి వేరే ఉంది. నేను ఆ దారి వెతకలేదు. నాకు తిన్నని గీత కావాలి.

ప్రసాద్ గారి దగ్గరికి అటునుంచి అటే వెళ్లి చెప్పాను. నా ఉద్యోగం పోతుందనే అనుకున్నాను. "ఆ పిల్లని మనిద్దరం కలిసి నరికేశామండి" అని మాత్రం అన్నారు. అందుకే ఆయన మీద నాకు కోపం కంటే గౌరవమే మిగిలింది.

గుండుగొలను, ఆ తర్వాత

మర్నాడు గుండుగొలను వెళ్లాను. సునీత వాళ్ల నాన్నగారు కుర్చీ వేసి మజ్జిగ ఇప్పించారు. నన్ను తిట్టి ఉంటే బావుణ్ణనిపించింది. ప్రింటు తీసిన కాగితం సునీత చేతికిచ్చి, తప్పు నాదేనని, రేపటి నుంచి రమ్మని, ప్రొబేషన్ కూడా ఖాయం చేస్తున్నామని చెప్పాను. కాగితంలో తన లైను మీద వేలు పెట్టి చూసుకుంది. కళ్లు నిండాయి.

"అమ్మా, చరిత్ర మళ్లీ సర్దేస్తాను. నీ లైను దాని చోట పెట్టేసి, ఈ గొడవేదీ కనబడకుండా చేస్తాను" అన్నాను. అప్పటికీ బుద్ధి రాలేదు నాకు.

"వద్దండి సార్" అంది గబుక్కున. "మళ్లీ ఏమీ తియ్యకండి. ఎక్కడ పోయిందో అక్కడే ఉండనివ్వండి. పైన కొత్తగా రాయండి, ఎలా పోయిందో."

వాళ్ల నాన్నగారు కూతురి వైపు చూశారు. ఆయన కూడా తన కూతురి మాట పూర్తిగా నమ్మలేదని ఆ చూపులో నాకు తెలిసింది. అది కూడా నా ఖాతాలోదే.

అలాగే చేశాం. లైను మళ్లీ చేర్చి, రాసినవారిగా సునీత పేరు, చేర్చినవాడిగా నా పేరు పెట్టి, ఇది ఈ అమ్మాయి ముందే రాసిందని, చరిత్ర తిరగరాసేటప్పుడు నేను పోగొట్టానని కింద రాశాను. హైదరాబాద్ వాళ్లు అది చదివారు. వాళ్లేమీ అనలేదు. ప్రోగ్రాం కొనలేదు కూడా, ఆ కారణం వేరే.

"ఇంకొక్కటండి" అంది సునీత నేను లేచేటప్పుడు. "ఆ చెరువు రైతు గారికి కూడా చెప్తారాండి?"

ఆ వారంలోనే ఇద్దరం దెందులూరు వైపు వెళ్లాం. చెరువులో నీళ్లు మార్చి, ప్రసాద్ గారు పంపిన కొత్త చేప పిల్లల్ని వేసి ఉన్నారు. సత్యం గారు గట్టు మీదే ఎదురొచ్చారు. సునీతను చూసి మొహం గంటు పెట్టుకున్నారు.

నేను నిలబడే చెప్పాను. గిట్టూ మెర్జూ అనలేదు. "ఈ అమ్మాయి లెక్క సరిగ్గా రాసిందండి. నేను సర్దుతూ సర్దుతూ అందులో ఒక లైను పారేశాను. మీ చేపలు పోయింది నా వల్లండి" అన్నాను.

ఆయన సునీత వైపు తిరిగారు.

"మరి ఆ రోజు నిన్ను అన్నేసి మాటలన్నానే తల్లీ. నీది కాదని ఒక్క ముక్క నాకు చెప్పొచ్చు కదమ్మా?"

సునీత చున్నీ కొంగు వేలికి చుట్టుకుంటూ, మెల్లగా, మర్యాదగానే అంది.

"చెప్పానండి."